పునర్దర్శనము

ఒక నగరమును మొదటిమాఱు చూచువాడు అది యెట్లున్నదో తెలిసికొనుటకు పోవును. రెండవమాఱు చూచువాడు అది అట్లే యున్నదా యని పరీక్షించుటకు పోవును. మొదటివానికి కుతూహలము కలదు గాని కొలబద్ద లేదు. రెండవవానికి కొలబద్ద కలదు. అది వాని జ్ఞాపకము. ఎదుట కనబడునది జ్ఞాపకముతో సరిపోయినంతవఱకు సంతోషించును. సరిపోనిచోట "చెడిపోయినది" యని నిట్టూర్చును. ఈ నిట్టూర్పునకు మనము ప్రేమ యని పేరు పెట్టుదుము. తాను మెచ్చిన యూరు తాను విడిచిన తీరుననే యుండవలెనని కోరుట సహజమే. సహజమైన ప్రతి కోరికయు న్యాయమైనదని చెప్పుటకు మాత్రము వీలులేదు. పరులు కాపురముండు స్థలము మన స్మృతికొఱకు మాఱకుండవలెనని కోరుటకు మనకు హక్కు కలదా? ప్రశ్న పైకి స్వల్పముగా గానవచ్చును. కాని దీనికి చెప్పు జవాబునుబట్టి మన ప్రేమ యెట్టిదో తేలిపోవును.

ఒక తరము క్రిందట ఐరోపాఖండపు రాజధాని నొకమాఱు చూచి వచ్చుటయే మన కుటుంబములలో మిక్కిలి యరుదు. నేడు బిడ్డలు దూరదేశముల నుద్యోగములు చేయుచుండుటచేతను, ప్రయాణము సులభమగుటచేతను, చూచిన యూరినే మరల చూడబోవువారు పెక్కురైరి. 2009లో చూచిన పారిసు నగరమును 2025 శరత్కాలమున నేనును నా భార్యయు మరల చూచితిమి. మాతోడి బృందములో డెబ్బదియేండ్లు దాటిన యొక పెద్దమనిషి యుండెను. ఆయన 1991లో భార్యతో కూడ ఆ నగరమునకు వచ్చియుండెను. ఆమె యిప్పుడు లేదు. మొదటి దినమున నుండియు ఆయన నోట నొక్కటే మాట: "ఇది నేనెఱిగిన పారిసు కాదండీ."

ఆయన ఫిర్యాదులు నిరాధారములు కావు. సేను నది యొడ్డున మోటారుబండ్లు బారులు తీరి పోయిన బాటపై ఇప్పుడు పిల్లలు సైకిళ్లు త్రొక్కుచున్నారు. నోతర్ దామ్ దేవాలయములో శతాబ్దముల మసి పోయి గోడలు నిన్న కట్టినట్లు తెల్లగా నున్నవి. లూవ్రు ప్రదర్శనశాలలో మోనాలిసా చిత్రమునకును చూపరులకును నడుమ చరవాణులెత్తిన చేతుల యడవి యొకటి మొలచినది. దంపతులు కలిసి భోజనము చేసిన చిన్న పూటకూటియింటి స్థానమున ఇనుప గోపురపు బొమ్మలు, తాళపుచెవుల గొలుసులు అమ్ము అంగడి వెలసినది. ఆ యంగడి ముందు ఆయన చాలసేపు నిలువబడెను. నగర మిట్లు మాఱుట అన్యాయమనియే ఆయన తీర్మానము.

ఆయన దుఃఖమును పరిహసించువాడు హృదయము లేనివాడు. కాని దుఃఖము వేఱు, తీర్పు వేఱు. 1911లో మోనాలిసా చిత్రము దొంగిలింపబడినప్పుడు, అది వ్రేలాడిన ఖాళీచోటును చూచుటకే జనులు లూవ్రునకు బారులు తీరి పోయిరి. రెండేండ్ల తరువాత చిత్రము దొరకినది గనుక ఆ ఖాళీ పూరింపబడెను. మనుష్యుని జీవితములో ఏర్పడిన ఖాళీని ఏ నగరమును పూరింపజాలదు. పోయినది మన కాలమైయుండగా, పోగొట్టినది నగరమని నేరము మోపుట న్యాయము కాదు.

ఇంతకును మనము సనాతనమని తలచు పారిసు ఏనాటిది? నేటి యాత్రికుడు మెచ్చుకొను వెడల్పైన రాజమార్గములు, ఒకే యెత్తున సాగు రాతిమేడల వరుసలు చాలవఱకు ఓస్మాన్ ప్రభువు మూడవ నెపోలియను చక్రవర్తి యాజ్ఞచే 1853 మొదలు 1870 వఱకు ప్రాతనగరమును పడగొట్టి కట్టించినవి. ఆనాటి సందులను, మలుపులను, మధ్యయుగపు గృహములను ఎఱిగినవారు తమ నగరము చచ్చినదని విలపించిరి. వారి విలాపము అబద్ధము కాదు. వేలకొలది బీదలు నగరమధ్యమునుండి వెలివాడలకు తఱుమబడిరి. కాని ఆ సందులలోనే 1832లో విషూచి ప్రబలి ఆ నగరమున 18,000 మందికి పైగా పొట్టబెట్టుకొన్నది. ఓస్మాన్ కాలమున వీధులతోపాటు మంచినీటి గొట్టములును, భూమిలోపలి మురుగుకాలువలును విస్తరించినవి. అందఱు చూచునది వీధి. ప్రాణము నిలిపినది కాలువ.

ఐఫెల్ గోపురము సంగతియు నిట్టిదే. 1887లో దాని పునాదులు లేచుచుండగా చిత్రకారులు, కవులు, శిల్పులు, సంగీతవేత్తలు కలిసి ఒక దినపత్రికలో బహిరంగముగా నిరసన ప్రకటించిరి. సుప్రసిద్ధ కథకుడు మొపాసా అందులో చేవ్రాలు చేసినవాడు. 300 మీటర్ల ఇనుపకంబము తమ నగరసౌందర్యమును నాశనము చేయునని వారి యాక్షేపణ. 1889 ప్రదర్శనముకొఱకు కట్టిన ఆ గోపురమునకు ఇరువది సంవత్సరముల యనుమతి మాత్రమే యుండెను. తంతిలేని వార్తలను పంపుటకు పనికివచ్చునని తేలుటచే అది నిలిచినది. నేడు దానిని తొలగింతుమన్నచో లోకమంతయు గగ్గోలు పెట్టును. ఒక తరమువారు అపచారమన్నదానిని మఱియొక తరమువారు ఆత్మయనుచున్నారు. కాబట్టి "నా పారిసు" అనునది పారిసు చరిత్రలో ప్రత్యేకమైన కాలము కాదు. నేనక్కడ దిగిన తేది మాత్రమే. ఎవనికివాడు తాను దిగిన తేదిని సృష్ట్యాది యనుకొన్నచో, వాదములు పెరుగును గాని సత్యము తేలదు.

ఇట్లు చెప్పగా ఒక యాక్షేపణ రాగలదు. మార్పు సహజమన్న నెపమున ప్రతి విధ్వంసమును సమర్థింపవచ్చునా? ప్రాతదానిని ప్రేమించువారే లేకున్నచో లోకమున ఏ ప్రాచీనకట్టడము మిగిలియుండును? ఈ యాక్షేపణ బలమైనది. నోతర్ దామ్ దేవాలయము శిథిలమై యుపేక్షింపబడియున్న దినములలో, 1831లో వెలువడిన విక్టర్ హ్యూగో నవల ప్రజల దృష్టిని దానిపైకి మరల్చినది. అనంతరము 1840 దశకమున జీర్ణోద్ధారణ మారంభమైనది. అట్లే నగరమధ్యమున లే హాల్ అను మహావిపణి యుండెను. 1969లో ఆ విపణిని నగరము వెలుపలి రంజిస్ అను స్థలమునకు తరలించి, దాని యినుప మండపములను 1971 మొదలు పడగొట్టిరి. ఆ మండపములను నిలుపుకొనియుండవలసినదని నేటికిని వగచువారు కలరు. వారి వగపు వట్టి చాదస్తమని నేననను.

అయినను హ్యూగో కోరికకును మా పెద్దమనిషి కోరికకును ఒక భేదము కలదు. హ్యూగో ఆ దేవాలయము తాను చూచినట్లుండవలెనని కోరలేదు. తాను చూచినప్పటి దుఃస్థితినుండి అది లేవవలెనని కోరెను. తన జ్ఞాపకమును కాపాడుకొనుటకు గాక, రాబోవువారికి ఒక సొత్తు దక్కించుటకు కలము పట్టెను. సంరక్షణము భారము మోయును. నిట్టూర్పు భారమును మోయదు.

2019 ఏప్రిలు 15వ తేదిని ఆ దేవాలయపు పైకప్పు, శిఖరము కాలి కూలినప్పుడు ఈ భేదము లోకమునకు స్పష్టమైనది. దుఃఖించినవారు కోట్లకొలది, 150 దేశములనుండి 3,40,000 మంది విరాళములిచ్చిరి. క్రొత్తరీతి శిఖరము కట్టవలెనని కొందఱును, పూర్వమువలెనే కట్టవలెనని కొందఱును వాదించి, తుదకు 2020లో పూర్వరూపమే నిర్ణయింపబడెను. ఆ పూర్వరూపమైనను మధ్యయుగపుది కాదు. 1859లో వియొలె-లె-ద్యూక్ అను శిల్పి నిలిపినది. సుమారు 2,000 ఓకుచెట్ల కలప వినియోగింపబడెను. యువకులైన వడ్రంగులు గొడ్డళ్లతో దూలములు చెక్కు ప్రాతవిద్యను ఈ పనిలో సాధించిరి. 2024 డిసెంబరులో ద్వారములు మరల తెఱవబడెను. తెల్లనైన గోడలను చూచి మా పెద్దమనిషి ప్రాచీనత పోయినదనెను. నాకు మాత్రము అంతకంటె ప్రాచీనమైనది కనబడెను: కట్టుచేతి నేర్పు. ఎనిమిది శతాబ్దముల క్రిందట అక్కడ పని చేసినవారును ఇట్లే తెల్లని రాతినడుమ నిలువబడి గొడ్డలి పట్టియుందురు. మసి కాలము పోసినది. గుడి మనుష్యులు కట్టినది.

కాబట్టి "మాఱినదా, మాఱలేదా?" యను ప్రశ్నతో పని జరుగదు. అడుగవలసినది "ఎవరికొఱకు మాఱినది?" యనునది. ఈ ప్రశ్న నాకు సూచించినవారు ఆ నగరమున ఇరువదియేండ్లుగా నివసించు ఒక తెలుగు మిత్రులు. వారి యిల్లు మారే యను ప్రాతపేటలో నాలుగవ యంతస్తున రెండు గదులు. మెట్లక్రింద గోడకు ఉత్తరముల పెట్టెలు పండ్రెండు వరుసగా నుండెను. ఐదింటిపై మాత్రమే పేరులుండెను. తక్కినవాని సంగతి యడిగితిని.

"అవి యిండ్లు కావండి, బసలు. వారమునకొక క్రొత్తమొగము వచ్చును. పెట్టెలు లాగుకొని రాత్రి రెండు గంటలకు మెట్లెక్కుదురు. మంచివారే, తలయూపి నవ్వుదురు. కాని మాకు జ్వరము వచ్చినచో తలుపు తట్టుటకు ఇరుగుపొరుగు లేరు. మొదట మేము కాపురమునకు వచ్చినప్పుడు క్రింది యంతస్తున నొక ముసలమ్మ యుండెడిది. మా తాళపుచెవి ఆమె దగ్గఱ నుండెడిది, ఆమెది మా దగ్గఱ. ఇప్పుడు తాళపుచెవి గోడకు తగిలించిన యంకెల పెట్టెలో నున్నది" అని వారు చెప్పిరి. కొంత తడవు ఊరకుండి, "మీరు చూచుటకు వత్తురు, మేము ఉండుటకు ఉన్నాము. రెండింటికిని ఈ మెట్లొక్కటే" అనిరి.

మారే పేట చరిత్రయే ఒక పాఠము. పూర్వము ప్రభువుల మేడలు గల ఆ పేట క్రమముగా చేతిపనివారికిని, బీదలకును నెలవై, శిథిలమై, ఇరువదవ శతాబ్దిమధ్యమున పడగొట్టబడనుండెను. 1962లో మంత్రి మాల్రో పేరిట వెలసిన శాసనము ప్రాతపేటలను సమూలముగా రక్షించు పద్ధతిని నెలకొల్పి దానిని కాపాడినది. గోడలు దక్కినవి, గోడలు దక్కినందున వాని వెల పెరిగినది, వెల పెరిగినందున ఆ గోడలలో నివసించిన చేతిపనివారు నిలువలేకపోయిరి. రాయి రక్షింపబడి మనుష్యుడు తొలగిన యీ విధానమును యాత్రికుడు కనిపెట్టలేడు. వాని కంటికి రాయి మాత్రమే కనబడును. 1921లో సుమారు 29 లక్షల జనులున్న పారిసు నగరమున నేడు సుమారు 21 లక్షల మంది యున్నారు. దీనికి యాత్రికులొక్కరే కారణమనుట అతిశయోక్తి. కుటుంబములు చిన్నవగుట, ఇండ్లు కచ్చేరీలగుట మొదలైన కారణములు ముందే కలవు. కాని మిగిలిన యిండ్లు బసలగుచుండుట నగరపాలకులకే యాందోళన కలిగించినది. స్వంత నివాసమును యాత్రికులకు అద్దెకిచ్చు పరిమితిని వారు 2025 జనవరి మొదలు ఏడాదికి 120 దినములనుండి 90 దినములకు తగ్గించిరి.

దీనికి ప్రతిగా సేను నదిని చూడుడు. 1923 నుండి ఆ నదిలో ఈదుట నిషేధింపబడియుండెను. సుమారు 140 కోట్ల యూరోలు వెచ్చించి మురుగును అరికట్టి, 2024 ఒలింపిక్ క్రీడలలో కొన్ని పందెములు అందులో జరిపి, 2025 జూలైలో మూడు తావులందు సామాన్యజనులకు స్నానమున కనుమతి యిచ్చిరి. నూఱేండ్ల క్రిందట ఆ నగరపు పిల్లలు పోగొట్టుకొన్న సుఖము వారి మునిమనుమలకు తిరిగి లభించినది. ఒడ్డున కార్లు లేవని మా పెద్దమనిషి నొచ్చుకొనెను. ఆ కార్ల పొగ పీల్చినవారు ఆయన కారు, ఆ యొడ్డున నుండువారు. యాత్రికుని కంటికి రెండు మార్పులును సమానముగా "మార్పులే". నివాసి ముందు నిలిపినచో ఒకటి వరము, ఒకటి వాత.

ఆనాటి రాత్రి భోజనమువేళ మా బృందములో ఈ ప్రసంగము సాగి, పారిసునుండి మన యూళ్లమీదికి మరలినది. ఒకరు తమ స్వగ్రామమునకు పదేండ్లకు పోగా పెంకుటిండ్లు పోయి డాబాలు లేచినవనియు, కట్టెలపొయ్యిమీది పప్పు రుచి యిక దొరకదనియు విచారించిరి. అందఱును ఔననిరి. నా భార్య మెల్లగా, "ఆ పప్పు రుచి తిన్నవారికి జ్ఞాపకమున్నది, ఆ పొయ్యి ఊదినవారి కన్నులకు పొగ జ్ఞాపకమున్నది. మా యమ్మను మరల ఆ పొయ్యి ముందు కూర్చుండుమని నేను కోరలేను" అనెను. ఆ మాటకు ఎవరును బదులు చెప్పలేదు. పెద్దమనిషియు తలవంచుకొని, కొంతసేపటికి, "మా యింట్లో ఆమెకును దగ్గు ఉండెడిది" అని మాత్రమనెను.

ఈ ప్రశ్న పారిసుతో ముగియునది కాదని దీనివలన తెలియుచున్నది. దూరదేశమున నుండి సెలవులకు వచ్చిన కుమారుడు తన యూరిలో బావి గిలక మ్రోగవలెనని కోరును. చేద లాగినది తన వదినయని తలపడు. మనము గతమందు ప్రేమించు సౌందర్యములలో పెక్కింటికి వెల చెల్లించినవారు వేఱొకరు. తఱచుగా వారు స్త్రీలు, బీదలు. వెల చెల్లింపనివాడు వస్తువు మాఱరాదనుట సులభమైన భక్తి. ఆ భక్తిని తల్లికి, గ్రామమునకు, పరనగరమునకు ఒకే తీరున మనము వర్తింపజేయుచున్నాము.

"యాత్రికుడు డబ్బిచ్చుచున్నాడు గదా, అతనివలన వేలమంది బ్రతుకుచున్నారు గదా" యని కొందఱందురు. నిజమే. పూటకూటియింటివాడును, బండి తోలువాడును, పక్కలు సర్దు స్త్రీయు యాత్రికునివలననే జీతము పొందుచున్నారు. యాత్రలు మానవలెనని నేను చెప్పుటలేదు. కాని డబ్బు ఏ వస్తువునకు వెలయో ఆ వస్తువునకే వెల. అది పడకను కొనును, పొరుగువాని నిద్రను కొనదు. 2025 జూను 16వ తేదిని లూవ్రు ప్రదర్శనశాల యుద్యోగులు, జనసమ్మర్దమును భరింపలేక, హఠాత్తుగా పని మాని, బయట బారులు తీరినవారిని కొన్ని గంటలు నిలువబెట్టిరి. సొమ్ము చెల్లించి వచ్చినవారు కోపించుట సహజమే. అయినను ఆ చిత్రములను దినదినము కాచువారి దేహములకు ఒక యోర్పు కలదని చెప్పుటకు వారికి మఱియొక మార్గము తోచలేదు. మన పెద్దలు అతిథి దేవుడనిరి. ఆ మాట గృహస్థునకు చెప్పినది. అతిథి తనకు తాను చెప్పుకొనుటకు కాదు. ఇంటికి వచ్చిన యతిథి గోడలకు రంగెందుకు మార్చితిరని గృహిణిని నిలదీయడు. వడ్డించుచున్న చేయి అలసినదేమో గమనించుట అతని మర్యాద.

అయినచో పునర్దర్శనము నిష్ప్రయోజనమా? కాదు. మొదటి దర్శనమున మనము చూడవలెనని విన్నవానిని చూతుము. గోపురములు, చిత్రములు, సమాధులు మన కన్నులను నింపివేయును. వాని నడుమ నున్న మనుష్యులకు చోటుండదు. రెండవమాఱు ఆ యాకలి తీఱియుండును గనుక తీరిక కలుగును. ఉదయమున వీధులు కడుగువాడు, బడికి బిడ్డను పరుగెత్తించుకొనిపోవు తల్లి, మేడక్రింద రొట్టెలు కాల్చువాడు అప్పుడు కనబడుదురు. నగరము మనము లేనప్పుడుకూడ నున్నదనియు, మనకొఱకు లేదనియు అప్పుడు తెలియును. మన జ్ఞాపకమున నిలిచినది ఆ జీవితమునుండి ఒక దినము మాత్రమే.

ఈ యెఱుకతో చూచువాడు కొన్ని చిన్నపనులు చేయగలడు. కాపురమిండ్లను బసలుగా మార్చినచోట దిగక, బసకొఱకే కట్టినచోట దిగవచ్చును. రద్దీ తక్కువైన ఋతువున పోవచ్చును. ఒక చిత్రమును చరవాణితో పట్టుటకు తోసికొనుటకంటె, ఎవరును నిలువని పది చిత్రముల యెదుట నిలువవచ్చును. స్థానికుని భాషలో నమస్కారమైనను నేర్చుకొనవచ్చును. ఇవి గొప్ప త్యాగములు కావు. వీనివలన నగరము రక్షింపబడునని చెప్పుటయు అతిశయమగును. నగరమును రక్షింపవలసినవారు దాని నివాసులును, దాని శాసనములును. కాని మన యిచ్ఛ ఇతరుల గృహమును త్రొక్కకుండునట్లు చూచుకొనుట మనవంతు.

ప్రేమించినదానిని మాఱవద్దనుట బాల్యమునకు తగును; తల్లి వృద్ధురాలగుట చూచి బిడ్డ యేడ్చును. ఎదిగిన ప్రేమ వేఱు ప్రశ్న వేయును: నీవు కుశలమా? నీ యింట వెలుతురు కలదా? నీ బిడ్డలకు చోటు కలదా? చూచిన నగరమును మరల చూడబోవువారు, స్వగ్రామమునకు మరలివచ్చువారు, పుట్టింటి గడప ఏండ్లకు తొక్కువారు ముందుగా నడుగవలసిన కుశలప్రశ్న యిదియే. దానికి లభించు జవాబు మన జ్ఞాపకమునకు విరుద్ధముగా నున్నను, నివాసులకు మేలైనచో, మనకును మేలనుకొనగలిగిననాడే ఆ చోటిని ప్రేమించితిమని చెప్పుకొనుటకు మన కధికారము కలుగును.